ప్లాట్‌ఫారం మీద ఎవరిదో సంచి

హైదరాబాదులో మూడు రోజుల చేతిపనుల ప్రదర్శనకు ఉదయగిరి నుంచి ఇద్దరం బయలుదేరాం, నేనూ షమీమక్కా. ఇరవై ఏళ్లుగా ఒకే షెడ్డులో పక్కపక్కన కూర్చుని చెక్క గరిటెలు, చెంచాలు చెక్కుతున్నాం. నాకు పని నేర్పింది ఆమే.

పదకొండుకు ఆత్మకూరు బస్సెక్కాం. అక్కడ దిగి, బస్టాండు ఎదురుగా భోజనం చేసి, రెండింటికి నెల్లూరు బస్సు పట్టుకున్నాం. పక్క సీటులోని కలిగిరి పెద్దాయన మా మూటలు చూశాడు.

"పట్నానికా అమ్మా? బాంబులని టీవీలో చెప్తా ఉంటారు. గుంపులో నిలబడబాకండి."

"గుంపు లేకపోతే మా గరిటెలు ఎవురు కొంటారు నాయనా," అని షమీమక్క నవ్వింది.

సాయంత్రం రైలెక్కి, మర్నాడు ఉదయం ఆరున్నరకు హైదరాబాదులో దిగాం. ప్రదర్శన వాళ్ల వ్యాను ఎనిమిదికి వస్తుందన్నారు. టీ తాగి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. ఏడు గంటలప్పుడు తెల్లచొక్కా ఆయన ఒకరు నల్ల సంచి మా కాళ్ల దగ్గర పెట్టి, "ఒక్క నిమిషం చూస్తుండండమ్మా" అని, నేను సరేననేలోపే జనంలో కలిసిపోయాడు. మన బస్సుల్లో ఎవరి సంచి అయినా ఒళ్లో పెట్టుకుంటాం కదా. నాకేమీ అనిపించలేదు.

ఏడూ ఇరవై అయింది. ఆయన రాలేదు. ఎవరివో తెలియని వస్తువులు కనిపిస్తే తాకవద్దని, పోలీసులకు చెప్పమని మైకులో అంటున్నారు. దిగినప్పటినుంచీ వింటున్న మాటే. అప్పుడు మాత్రం కాళ్లు సంచికి దూరంగా జరుపుకున్నాను. మా బెంచీని ఆనుకుని పెళ్లివాళ్లు దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. వాళ్లలో నలుగురు చిన్నపిల్లలు.

షమీమక్క లేచింది. "పోలీసుకు చెప్పొస్తా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఒంటిమీద బురఖా, మూటలో ఉలులు, కాళ్ల దగ్గర ఎవరిదో సంచి. "నువ్వు పోబాక అక్కా. నిన్నే అనుమానిస్తారు. మెల్లిగా అవతలికి పోదాం."

"మనం పోతే ఈ బిడ్డలు ఈడనే ఉంటారు గదా రవణమ్మా. ఒక మాట పడితే పడతాలే. నువ్వు వీళ్లని లేపు."

ఆమె వెళ్లింది. నేను పెళ్లివాళ్లను లేపి దూరంగా పంపాను. పోలీసులు వచ్చి ప్లాట్‌ఫారం సగం ఖాళీ చేయించి, తాడు కట్టి, కుక్కను తెచ్చారు. మా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. నా పేరు, ఊరు ఒకసారి అడిగి వదిలేశారు. షమీమక్కను అవే ప్రశ్నలు నాలుగుసార్లు అడిగారు. ఆమె ఉలులన్నీ బల్లమీద పరిచారు. ఏ ఉలితో ఏ గాటు పెడతామో ఆమె ఒక చెంచా పట్టుకుని చూపించింది. గొంతు నిలకడగానే ఉంది. ఒకచోట మాత్రం ఉలి జారింది. ఆ చేతిలో ఉలి జారడం ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

ఎనిమిదింబావుకు ఇన్‌స్పెక్టర్ వచ్చారు. సంచిలో ఉన్నవి బట్టలు, ఇన్సులిన్, ఆస్పత్రి కాగితాలు. మనిషిది షుగరు జబ్బని చూసి వెతికిస్తే, మంచినీళ్ల కుళాయిల వెనక స్పృహ లేకుండా దొరికాడట.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు. మంచి పని చేశారు. అన్ని ప్రశ్నలు అడిగామని ఏమనుకోవద్దమ్మా," అన్నారాయన.

షమీమక్క ఉలులను ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటోంది. "అడగాల్సిందే సార్. ఈమెను గూడా అన్నిసార్లు అడిగుంటే బాగుండేది."

ఆయన కానిస్టేబులును పిలిచి మమ్మల్ని వ్యాను దగ్గరికి పంపారు.

మూడు రోజులూ సత్రంలో ఉండి, తెచ్చినవి చాలావరకు అమ్ముకుని తిరుగు రైలెక్కాం. పట్నం వెళ్లేవాళ్లకు చెబుతున్నాను. కొత్తవాళ్ల సంచికి కాపలా ఒప్పుకోకండి. అనుమానం వస్తే దాన్ని తాకకుండా వెంటనే చెప్పండి, బయటికి దారి ఎటో ముందే చూసి పెట్టుకోండి. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, ఆ పిల్లల్ని చూస్తూ కూడా, మెల్లిగా పోదామన్నాను.

నెల్లూరులో ఎక్కిన బస్సు ఆత్మకూరు దాటాక ఆ మాటే షమీమక్కతో అన్నాను.

"నా గురించి భయపడి అన్నావులే," అంది ఆమె.

అవునని తలూపాను. అందులో నిజం సగమే.