ఆవిడ గుర్తులు

అప్పటికి మా పాపకు ఏడో నెల. మదీనాగూడలో పాపనెత్తుకుని సిటీ బస్సు ఎక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. కూర్చున్న ఒకావిడ చేతులు చాపి, "ఇటియ్యమ్మా, పడ్తవ్" అంటూ పాపను ఒళ్ళోకి తీసుకుంది. బస్సుల్లో అది మామూలే. కానీ మేము ఈ ఊరు వచ్చి రెండు నెలలే. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని పక్కింటావిడ ఆ పొద్దున్నే చెప్పింది.

అందుకే ఆవిడ గుర్తులు బట్టీ పట్టాను, పోలీసులకు చెప్పాల్సి వస్తే పనికొస్తాయని. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు. గోళ్ళలో సిమెంటు, మాదాపూర్‌లో లేస్తున్న కొత్త బిల్డింగుల్లో కూలిపని కాబోలు.

"ఏందమ్మా, నా మొకంల సినిమా నడుస్తుందా? బిడ్డను జూడు, ఎంత మంచిగ నవ్వుతుందో. పన్ను గూడ వస్తుంది."

"అవునండీ" అన్నాను, ఆవిడ మీంచి చూపు తిప్పకుండా.

తన స్టాపు రాగానే పాపతో సహా లేచింది. గభాలున ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"గింత పరేషాన్ ఎందుకమ్మా? కూసో" అని నన్ను తన సీట్లో కూర్చోబెట్టి, పాపను నా ఒళ్ళో పెట్టి దిగిపోయింది.

పాపకిప్పుడు మూడేళ్ళు. "అమ్మా, బుజ్జిగా ఉన్నప్పుడు నేనెలా నవ్వేదాన్ని?" అని ఇవాళ అడిగింది. ఎంత తలుచుకున్నా ఆ ఒంటి పన్ను నవ్వు గుర్తుకు రాలేదు. పాప నవ్వు ఎప్పుడైనా చూసుకోవచ్చులే అనుకుని, ఆ రోజు అటు చూడనే లేదు. ఆవిడ పుట్టుమచ్చ మాత్రం ఎడమ కనుబొమ్మ మీదే ఉంది.