ఒక్కపొద్దు నాటి గోలీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు 'ఎదురుమాటల పిల్ల' అని పేరు. పెద్దవాళ్లు ఏది చెప్పినా 'ఎందుకు' అని అడగనిదే ఊరుకునేదాన్ని కాదు. ఆడపిల్లకు ఇంత నోరుంటే రేపు అత్తగారింట్లో ఎట్లా నెగ్గుకొస్తుందని మా అమ్మ దిగులుపడేది. ఆ నోరే ఒకరోజు మా నాయనమ్మను బతికించిందని నేనంటే మా అన్నదమ్ములు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. బతికించింది మా పక్కింటి అక్కే, కాదనను. నేను చేసిందల్లా ఆమెను పిలుచుకు రావడం. ఆ పిలవడానికి కూడా చెంపదెబ్బ తినాల్సి వచ్చింది మరి.

మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. డెబ్బైల నాటి మాట. ముందుగదిలో మా నాన్న, పెద్దనాన్న మగ్గాల గుంటల్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, పెరట్లో నాయనమ్మ కాగులో నూలుకు రంగు వేసేది. పక్కింట్లో అద్దెకున్న అక్క పెద్ద దవాఖానలో నర్సు. డోర్నకల్‌లో రైలు పట్టాల మీద పనిచేసే ఆయన కూతురు. ఆదివారం పొద్దున చర్చికి పోయేది, మిగతా రోజులు తెల్లచీర కట్టుకుని డ్యూటీకి పోయేది. మనిషి సన్నగా ఉండేది కానీ మాట గట్టిది. అందుకే నాకు ఆమె అంటే పిచ్చి ఇష్టం.

మా పెద్దనాన్నకు ముందు నుంచే షుగరు ఉంది. ఆ ఏడు నాయనమ్మ కాలి పుండు ఎంతకీ మానకపోతే అక్కే ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. ఆమెకూ షుగరే అని తేలింది. అక్కడి డాక్టరు పెద్దనాన్న మింగే గోలీనే ఆమెకూ రాశాడు. తల్లీకొడుకులకు ఒకటే బీమారి, ఒకటే గోలీ అని మా ఇంట్లో అదొక ముచ్చట అయిపోయింది. పెద్దనాన్న పొద్దున్నే జొన్న గటక కడుపునిండా తిని, రోజంతా మగ్గం ఆడించే మనిషి. నాయనమ్మ చూస్తే పిడికెడంత మనిషి. ఇద్దరూ లేవగానే ఒకే డబ్బాలోంచి చెరొక గోలీ తీసుకుని మింగేవాళ్లు. అందులో తేడా ఎవరికీ కనిపించలేదు.

డాక్టరు అడగాల్సింది అడిగాడు. "రోజూ అన్నం తింటున్నవా అవ్వా?" అన్నాడట. "తింటున్న సారూ" అంది నాయనమ్మ. అందులో అబద్ధం లేదు. మంగళవారం ఆమెకు ఎల్లమ్మ ఒక్కపొద్దు. ఆ రోజు పొద్దుగూకి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. దీపం పెట్టాక తింటుంది. అంటే ఆమె లెక్కలో రోజూ తిన్నట్టే కదా. ఒక్కపొద్దు ఉంటావా అని అడిగితే గర్వంగా చెప్పేది. ఆ మాట అక్కడ ఎవరి నోటా రాలేదు.

అట్లాంటి ఒక మంగళవారం మధ్యాహ్నం, నాయనమ్మ రంగు కాగు దగ్గర నిలబడి ఊగడం మొదలుపెట్టింది. చేతులు వణుకుతున్నాయి. ఒళ్లంతా చెమట. మా అమ్మ పట్టుకోబోతే విదిలించి కొట్టింది, ఏవేవో పొంతన లేని మాటలు అంటోంది. వాకిట్లో నూలు చిక్కు తీస్తున్న ఆడవాళ్లు చూసి "శిగమొచ్చింది, అవ్వకు శిగమొచ్చింది" అని కేకలేశారు. అమ్మవారు ఒంటి మీదికి వచ్చి ఊగడాన్ని మా వైపు శిగం అంటారు. బోనాల నాడు నాయనమ్మకు ఏటా వచ్చేదే. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒకామె వేపకొమ్మ తెచ్చింది, ఇంకొకామె పసుపునీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసింది. మగ్గం దిగి వచ్చిన పెద్దనాన్న సాష్టాంగపడి, "ఏం తప్పు చేసినం తల్లీ, చెప్పు" అని అడుగుతున్నాడు. వాడకట్టంతా మా పెరట్లోనే ఉంది.

నన్ను కూడా మొక్కమని ముందుకు తోశారు. వంగి పాదాలు ముట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉన్నాయి. బోనాల నాడు ఊగి ఊగి అలసిన నాయనమ్మను పట్టుకుని కూర్చునేది నేనే. అప్పుడు ఆమె ఒళ్లు పొయ్యి దగ్గర కూర్చున్నంత వేడిగా ఉండేది. ఇది అది కాదు. "ఇది శిగం గాదు, నాయినమ్మకు పానం బాగలేదు" అని గట్టిగా అన్నాను. అమ్మవారిని కాదన్నందుకు పెద్దనాన్న చెంప మీద ఒక్కటిచ్చాడు. నేను ఏడవలేదు. ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంతోనే గోడ దూకి పక్కింట్లో పడ్డాను.

డ్యూటీ నుంచి వచ్చి బియ్యం కడుగుతున్న అక్క అట్లాగే తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. జనాన్ని నెట్టుకుంటూ పోయి నాయనమ్మ మెడ మీద చెయ్యి వేసి చూసింది, చెయ్యి పట్టుకుని నాడి చూసింది. "పొద్దుగాల ఏం తిన్నది?" అని ఒకే మాట అడిగింది. ఒక్కపొద్దు రోజు ఆ ప్రశ్న ఏమిటన్నట్టు అందరూ మొహాలు చూసుకున్నారు. గోలీ మాత్రం వేసుకుందని మా అమ్మ చెప్పింది. అక్క ముఖం పాలిపోయింది. "బెల్లం పట్టుకరాండ్రి, జల్ది" అంది.

పెరడంతా గగ్గోలు లేచింది. అమ్మవారు ఒంటి మీద ఉండగా నోట్లో పెడతారా, ఒక్కపొద్దు చెడగొడతారా అని తలొక మాట అన్నారు. పెద్దనాన్న అడ్డంగా నిలబడ్డాడు. "నీ దేవుడు వేరే, మా సంగతి నీకేం ఎరుక? ఎన్కకు పో బిడ్డా" అన్నాడు.

అక్క కదల్లేదు. "నా దేవుడు వేరేనే పెద్దనాయినా. అవ్వ పానం మాత్రం ఒక్కటే ఉన్నది. పాపమైతే నాకే తగలనియ్యి. జర జరుగు" అంది. అంత పెద్దమనిషి కళ్లలోకి చూస్తూ అంది. ఆ పెరట్లో ఆయన మాటకు ఎదురు చెప్పిన ఆడమనిషిని నేను అదే మొదలు చూడటం. రెండో మనిషిని కూడా అప్పుడే చూశాను. బావగారి ఎదుట ఏనాడూ తలెత్తని మా అమ్మ, ఆయన పక్క నుంచే నడిచిపోయి వంటింట్లోంచి బెల్లపు గడ్డ తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

అక్క చిక్కగా బెల్లం నీళ్లు కలిపి, నాయనమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ముందు ఒక చుక్క పోసి మింగుతోందా లేదా అని చూసింది. మింగుతోందని రూఢిగా తెలిశాక కొంచెం కొంచెంగా పట్టించింది. కాసేపటికి వణుకు తగ్గింది. నాయనమ్మ కళ్లు తెరిచి, పెరడంతా కలియజూసి, "ఏందే, ఇంతమంది జమైండ్రు?" అని అడిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అమ్మవారికి బెల్లం నచ్చిందని కూడా ఒకామె అంది.

అక్క మాత్రం ఊరుకోలేదు. రిక్షా పిలవమంది. ఏమీ తినకుండా మింగడంతో షుగరు మరీ పడిపోయిందని, ఆ గోలీ పొద్దంతా ఒంట్లో పనిచేస్తుందని, ముసలి ఒంట్లోంచి తొందరగా పోదని, షుగరును మళ్లీ కిందికి గుంజుతుందని చెప్పింది. లేచి కూర్చున్న మనిషిని దవాఖానకు ఎందుకని ఎవరో అంటే వినిపించుకోలేదు. ఆమె అన్నట్టే, రిక్షా దవాఖాన గేటు చేరకముందే నాయనమ్మకు మళ్లీ చెమటలు పట్టాయి. గ్లూకోజు ఎక్కించి, మరునాటి దాకా కనిపెట్టి చూడాల్సి వచ్చింది. ఇంట్లోనే ఉండి ఉంటే వేపకొమ్మలతో మొక్కుతూ మొక్కుతూ ఆమెను పోగొట్టుకునేవాళ్లం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్రాణం దక్కిన నాయనమ్మ ఇంటికి వచ్చి దండం పెట్టిందనుకుంటున్నారేమో. అట్లాంటిదేం లేదు. ఒక్కపొద్దు చెడిందని అగ్గి మీద గుగ్గిలమైంది. "నా పొద్దు చెడగొట్టిన గోలీ నాకద్దు. సస్తె సస్త గని మింగ" అని డబ్బా దూరంగా విసిరింది. మా నాన్న బతిమాలాడు, పెద్దనాన్న ఒట్టు పెట్టాడు. ఆమె మొండితనం ముందు ఎవరి ఆటలూ సాగలేదు. కాలి పుండు మళ్లీ చీము పట్టింది. ఇట్లాగే ఉంటే కాలు తీసేయాల్సి వస్తుందని అక్క మా అమ్మకు చాటుగా చెప్పడం నేను విన్నాను.

ఒక సాయంత్రం అక్క వచ్చి రంగు కాగు పక్కన కూర్చుంది. గోలీ ఊసే ఎత్తలేదు. ఈ కాగులో ఏ నూలు ముంచినా ఎరుపు ఒక్కతీరే పడుతుందా అని, ఏమీ తెలియని పిల్లలా అడిగింది. పని సంగతి అడిగితే నాయనమ్మ ఎంత కోపాన్నయినా మరిచిపోతుంది. "గట్లెట్ల పడ్తది పిల్లా? దొడ్డు నూలు రంగు తాగుతది, తట్టుకుంటది. సన్న నూలు గంతసేపు ఉంచితె నల్లగైతది. పాత నూలు తీరు వేరే, గంజి ఉన్నదాని తీరు వేరే. నూలును జూసి రంగు పెట్టాలె" అని పాఠం చెప్పింది.

అక్క అంతా విని నెమ్మదిగా అంది. "మరి మీ పెద్దకొడుకు దొడ్డు నూలు, మీరు సన్న నూలు. ఇద్దరినీ ఒక్క కాగుల ముంచినం గదా అవ్వా."

నాయనమ్మ చేతిలో కట్టె ఆగిపోయింది. "మాటలల్ల దొరకబట్టినవ్ గదనే" అని ఇష్టం లేకుండానే నవ్వింది. మళ్లీ వెంటనే ముఖం గంటు పెట్టుకుని, ఒక్కపొద్దు మాత్రం మానేది లేదంది. మీరు మానరని నాకెరుకే, అది అడగకుండా మందు రాయించుడు మాదే తప్పు అంది అక్క.

ఆ వారమే దవాఖానకు పోయాం. నేనూ వెంట పోయాను. ఉపాసాలు మానేయమని చెప్పండి, సరిపోతుంది అన్నాడు డాక్టరు. వరండా నిండా జనం, ఆయన తొందర ఆయనది. మళ్లీ అదే గోలీ రాసి ఆయన చాపిన చీటీని అక్క అందుకోలేదు. "మీ ముందట తలూపుతది సార్, ఇంటికి పోయి ఉంటది. ఉంటదని తెలిసే మందు రాయండ్రి" అంది. ఆయన కాసేపు చిరాకుగా చూశాడు. తర్వాత కళ్లద్దాలు తీసి, నాయనమ్మను కూర్చోమని, ఏ రోజు ఉంటావు, ఎప్పుడు తింటావు, రోజంతా ఏం పని చేస్తావు, ఇంకేమైనా పసరు మందులు తాగుతున్నావా అని అన్నీ అడిగాడు. మూత్రపిండాల పరీక్ష కూడా చేయించాడు. ఒంట్లోంచి తొందరగా పోయే వేరే రకం గోలీ, అదీ తక్కువ మోతాదులో రాశాడు. మంగళవారం పొద్దున అది మానేసి, రాత్రి అన్నంతో వేసుకోమన్నాడు. పుండు మానింది. నాయనమ్మ తన ఒక్కపొద్దులతోనే ఇంకా చాలా ఏళ్లు బతికింది. "నా గోలీ లెక్కనే వేరే" అని వాడకట్టులో గొప్పలు కూడా పోయేది.

నేను నర్సు చదువుకు పోతానంటే మా వాళ్లలో చాలామంది మూతి విరిచారు. వాళ్ల నోళ్లు మూయించింది పెద్దనాన్నే. నన్ను కొట్టినందుకు ఆయన ఏనాడూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. నా చదువుకు నా వైపు నిలబడ్డాడు, అది చాలనుకున్నాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ వార్డులో గోలీలు పంచడం ఆలస్యం చేస్తానని నన్ను తిట్టని పైవాళ్లు లేరు. తిట్టించుకున్నాను, పద్ధతి మాత్రం మార్చుకోలేదు. తిన్నావా అంటే తిన్నానంటారు. ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు అంటేనే నిజం బయటికొస్తుంది. రాత్రి కల్లు తాగి వచ్చినవాడు, చంటిపిల్లకు పాలిస్తున్న తల్లి, ఇద్దరి కాగితం మీదా రోగం పేరు ఒకటే ఉండొచ్చు. మనుషులు ఒకటి కాదు.

ఇప్పుడు నాకూ షుగరే. మొన్న దవాఖానలో ఒక నర్సు పిల్ల మంచం మీది నెంబరు చూసి, గోలీ తీసి నా చేతిలో పెట్టబోయింది. నేను చెయ్యి ముడుచుకున్నాను. ఏమైంది పెద్దమ్మా, ఇది మీదే కదా అంది. "గోలీ నాదే బిడ్డా. నేనెవరో అడగకుంట ఇస్తే మాత్రం మింగ" అన్నాను. పక్క మంచాల వాళ్లు నవ్వారు. ఆ పిల్ల ఎర్రబడి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. పొద్దున ఏం తిన్నారని అడిగింది. అప్పుడు చెయ్యి చాపాను.