పసుపు కార్డు హాఫ్ టికెట్టు

ఆ రోజుల్లో, ఉద్యోగం వచ్చిందంటే ముందుగా మొహం మారాలని నాకో గట్టి నమ్మకం ఉండేది. నవ్వే మొహాన్ని జనం ఖాతరు చెయ్యరని ఎవరు చెప్పారో గుర్తు లేదు గాని, నేను మాత్రం శాసనంలా పట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళకి ఎర్ర బస్సులో కండక్టరుగా చేరాను. మా డిపోలో ఆడ కండక్టర్లం అప్పటికి ముగ్గురమే. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన డబ్బుల సంచీ, చేతిలో టికెట్ల ట్రే, మెడలో నల్లతాడుకి విజిలు. ఇవన్నీ తగిలించుకుని టెక్కలిలో మా ఇంటి అద్దం ముందు నిలబడి, రోజూ పావుగంటసేపు కోపంగా ఉండడం సాధన చేసేదాన్ని. ("ఏటే, పన్ను నొప్పేటి?" అని అడిగేది మా అమ్మ.) ఇంట్లో సర్కారు జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. చిన్న తప్పు దొరికినా ఇంటికి పంపేస్తారన్న భయం మాత్రం పర్మనెంటుగా ఉండేది.

నా బస్సు పలాస నుంచి వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రం ఒడ్డున చివరి ఊరిదాకా వెళ్ళి వచ్చేది. జీడితోటలు, కొబ్బరితోటలు, ఆఖర్న ఇసక. ఆ ఏడాది టెక్కలిలోనూ, పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో కాలేజీ గ్రౌండులోనూ ఆదివారం ఆదివారం ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. మన పలాస జట్టులో సగం మంది టౌను కుర్రాళ్ళు, సగం మంది తీరం కుర్రాళ్ళు. ఏ ఊరి గ్రౌండుకి జనం ఎక్కువ వస్తే ఫైనలు ఆ ఊళ్ళోనే అని పోటీలు పెట్టినవాళ్ళు చెప్పడంతో టెక్కలికీ పలాసకీ పంతం పుట్టింది. మన కమిటీ పెద్ద ఒకాయన ఉండేవాడు, పిక్కల మావ అనేవారందరూ. (జీడిపిక్కల వ్యాపారం వల్ల వచ్చిన పేరది. కాలి పిక్కలతో సంబంధం లేదు, ఆయన జన్మలో బంతిని తన్ని ఎరగడు.) ఆయన వెళ్ళి మా డిపో మేనేజరు దగ్గర కూర్చుని, ఆట చూడడానికి వచ్చేవాళ్ళకి బస్సులో సగం చార్జీ, తక్కిన సగం కమిటీ ఇచ్చుకునేలా ఒప్పించాడు. ఆట చూసే ప్రతి మనిషికీ ఒక పసుపు అట్టముక్క. అది చూపిస్తే వచ్చేటప్పుడు హాఫ్ టికెట్టు. గ్రౌండు గేటు దగ్గర దానిమీద ముద్ర వేయించుకుంటే వెళ్ళేటప్పుడూ హాఫే. ఆ స్పెషల్ బస్సుకి కండక్టరు ఎవరయ్యా అంటే, ఫుట్‌బాల్ అంటే గుండ్రంగా ఉంటుందన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియని నేను.

మొదటి ఆదివారం మధ్యాహ్నం చివరి ఊళ్ళో బస్సు ఆగేసరికి, పసుపు కార్డులు పట్టుకుని పద్దెనిమిది మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి నెత్తిమీదా చేపల గంపలు. ముందు నిలబడ్డావిడ కవ్వళ్ళప్ప. కవ్వళ్ళు చేపలు అమ్మడంలో కాశీబుగ్గ బజారులో ఆవిడని మించినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు. నేను అద్దంలో నేర్చుకున్న మొహం పెట్టి అడిగాను.

"అప్పా, మీరంతా ఆట చూడడానికేనా?"

"మరేటనుకున్నావు? ఆటకే, కండట్రమ్మా!"

"మరి ఈ చేపలో?"

"అవి కూడా ఆటకే. ఆడినోళ్ళకి ఆకలెయ్యదేటి?"

మా డ్రైవరు మావ స్టీరింగు మీదకి వంగి నవ్వుతున్నాడు. రూలు పుస్తకంలో చేపల గంప ఉన్నవాళ్ళు ఫుట్‌బాల్ అభిమానులు కాకూడదని ఎక్కడా లేదు. గంపలు టాపు మీదకి ఎక్కాయి, నేను హాఫ్ టికెట్లు కొట్టాను, ఆ పద్దెనిమిది మందీ గ్రౌండు మొహం చూడకుండా తిన్నగా బజారుకి పోయారు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు ఒక్క కార్డు మీదా ముద్ర లేదు. ఇప్పుడు దొరికారనుకుని అందరికీ ఫుల్ టికెట్టు కొట్టాను. ఆ ఇరవై కిలోమీటర్లూ వాళ్ళు నా పెళ్ళి గురించీ, నన్ను చేసుకోబోయే దురదృష్టవంతుడి గురించీ మాట్లాడుకున్న మాటలు ఇక్కడ రాయను.

రెండో ఆదివారం వాళ్ళు తెలివిగా ముందు గేటు దగ్గరికే వెళ్ళారు, ముద్ర వేయించుకుని బజారుకి పోదామని. పిక్కల మావ అంతకంటే తెలివైనవాడు. ముద్ర ఆట సగం అయ్యాకే వెయ్యమని గేటు దగ్గర చెప్పి ఉంచాడు. పద్దెనిమిది మందీ గొణుక్కుంటూ గ్రౌండు గీత పక్కన గంపలు దింపుకుని కూర్చున్నారు. ఎండ మండుతోంది, చేపలు ఆగవు. కవ్వళ్ళప్ప గంప మీద గోనె తీసి అక్కడే బేరం మొదలెట్టింది. చేపలు గ్రౌండులో ఉన్నాయన్న కబురు కాశీబుగ్గంతా పాకింది. సంచీలు పట్టుకుని చేపలకొచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని ఆట చూశారు. ఆట కోసం వచ్చినవాళ్ళు ఎలాగూ ఉన్నాయి కదా అని చేపలు కొన్నారు. అంత జనాన్ని చూసి పిక్కల మావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. (చేపల వాసనకి కావచ్చు, ఆయన శాకాహారి.)

తిరిగి వెళ్ళేవరకూ నాకు పనేమీ ఉండదు కాబట్టి నేనూ వాళ్ళ పక్కనే కూర్చునేదాన్ని. మన కుర్రాడెవడో గోలు పక్కనుంచి బంతిని కొడితే కవ్వళ్ళప్ప లేచి నిలబడి, "ఒరే గుంటడా! అంత పెద్ద వల కట్టి ఉంచితే కంటికి ఆనదేట్రా నీకు? మీ బాబు సముద్రంలో సీకట్లో ఏసినా వల్లో పడతాది గదరా!" అని అరిచింది. గ్రౌండు గ్రౌండంతా ఘొల్లుమంది. కాసేపటికి రెఫరీ ఒకడికి పసుపు కార్డు చూపించాడు. మావాళ్ళంతా ఒక్కసారి సంతోషపడ్డారు.

"పాపం, ఆడికీ బస్సులో హాఫ్ టికెట్టు ఇచ్చీసినారు" అంది ఒకావిడ.

ఇంకాసేపటికి వాడికే రెండోసారి పసుపు కార్డు చూపించారు. "రెండు హాఫులూ కలిపితే ఫుల్లు మాఫీ. ఇంక ఉట్టినే ఎల్లొచ్చు" అని నేను నా వృత్తి అనుభవంతో వివరించాను. వాడు నిజంగానే తల వంచుకుని గ్రౌండు బైటికి వెళ్ళిపోవడం చూసి, బస్సు ఎక్కడానికే వెళ్తున్నాడని అందరం నమ్మాం.

మూడు నాలుగు వారాలు తిరిగేసరికి పద్దెనిమిది మంది నలభై మంది అయ్యారు. గంపలు గంటలో ఖాళీ అయిపోయేవి. ముద్ర పడిపోయినా ఎవరూ కదిలేవారు కాదు. కవ్వళ్ళప్ప వెళ్ళి కుర్రాళ్ళనే అడిగి ఆట మొత్తం నేర్చుకుంది, నేర్చుకుని బస్సులో నాకు పాఠం చెప్పేది. అనుకున్నట్టే ఫైనలు పలాసకి దక్కింది. అవతలి జట్టు టెక్కలి, అంటే మా ఊరు. "మనోళ్ళు గెలవాల, ఇన్నావా" అని మా అమ్మ పొద్దున్నే హెచ్చరించి పంపింది.

ఆ ఆదివారమే, జీడితోటల దగ్గర బస్సుకి అడ్డంగా చెయ్యెత్తి చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు డిపోలో లేరు. (నేను అద్దం ముందు సాధన చేసింది నిజానికి ఆయన మొహాన్నే.) ఎక్కగానే కిటికీలోంచి తల బైటపెట్టి టాపు వైపు చూశాడు. గంపలోంచి చేపల నీళ్ళు ఆయన కళ్ళద్దాల మీద పడ్డాయి.

"ఇది ప్రేక్షకుల బస్సా, చేపల మార్కెట్టా?" అన్నాడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఆట గురించి ఓనమాలు తెలియనివాళ్ళకి హాఫ్ టికెట్లు కొడుతున్నావని కంప్లయింటు వచ్చింది. రిపోర్టు రాస్తే నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే కవ్వళ్ళప్ప లేచి నిలబడింది.

"ఆ పిల్లనంటావేటి, బాబూ? మమ్మల్నడుగు, మేం సెప్తాం."

"సరే చెప్పు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటి?"

ఆవిడ కొంగు నడుముకి చుట్టుకుంది.

"బస్సు కోసం మనమంతా టేండులో నిలబడ్డాం. ఒకడు ముందే గేటు కాడికి పరుగెట్టి, బండి నోపలికి రాకముందే ఎక్కీసి, సీటు మీద తువ్వాలు ఏసీసినాడు. ఆడికి సీటు దొరికింది గాని అది నాయమేటి? కాదు. అదే ఆఫ్‌సైడు. అందరితోపాటు ఉండి, బండొచ్చినాక ఎక్కితే అప్పుడు గోలు."

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగి మెల్లిగా అడిగాడు. "కరెక్టేనా?"

"కరెక్టే సార్" అన్నాను, ఆయనకీ తెలియదని అప్పుడే అర్థమై. ఆయన జేబులోంచి తీసిన కాగితం మడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకుని, "గ్రౌండుకి వచ్చి కళ్ళారా చూశాకే రాస్తాను" అంటూ ఖాళీగా ఉన్న సీట్లో కూలబడ్డాడు.

ఫైనలుకి ముఖ్య అతిథిగా రావలసిన పెద్దమనిషి ఆలస్యంగా రావడంతో ఆట గంట ఆలస్యంగా మొదలైంది. నేను గీత పక్కనే, ఇన్‌స్పెక్టరు నా పక్కన. బస్సు తిరిగి బయలుదేరే టైము దాటిపోతోంది. అవతల రోడ్డుమీద డ్రైవరు మావ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. బస్సు లేటయితే అదో రిపోర్టు. ఇంకేమీ ఆలోచించకుండా, ప్రయాణికుల్ని పిలవడానికి రోజూ చేసే పనే చేశాను. విజిలు నోట్లో పెట్టుకుని ఊపిరంతా బిగించి ఊదాను.

సరిగ్గా ఆ క్షణాన టెక్కలి జట్టులో పొడుగ్గా ఉండే కుర్రాడు ఒంటరిగా బంతితో మన గోలు ముందుకి దూసుకొచ్చేశాడట. నేను చూడలేదు. నా విజిలు విని రెఫరీ ఊదాడనుకుని టక్కున ఆగిపోయాడు. ఇరవై రెండు మందీ ఆగిపోయారు. మన గోలుకీపరు నింపాదిగా నడిచొచ్చి బంతిని చంకలో పెట్టుకున్నాడు.

"ఎవరది?" అని అరుస్తూ రెఫరీ మా వైపు పరుగెత్తుకొచ్చాడు.

"నానే బాబూ, నోటితో ఊదినాను" అంది కవ్వళ్ళప్ప వెంటనే. "దాన్నడక్కండి, నాను" అంది వెనకనుంచి ఇంకొకావిడ. నిమిషంలో నలభై మందీ ఊదామన్నారు. ఇంతమంది నాకోసం అబద్ధమాడుతుంటే సిగ్గేసి, నేను చెయ్యెత్తి "నేనే సార్" అనబోయాను. విజిలు ఇంకా నోట్లోనే ఉంది. మాటకి బదులు మళ్ళీ కీచుమని విజిలే వచ్చింది.

ఆ తర్వాత గ్రౌండులో పుట్టిన నవ్వు రైలు స్టేషను దాకా వినిపించిందని పిక్కల మావ చెప్పేవాడు. రెఫరీ కూడా నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. నా పక్కన ఏదో వింత చప్పుడు వినపడి చూస్తే, ఇన్‌స్పెక్టరు పొట్ట పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. ఆయన మొహానికి అలవాటు లేక నవ్వు దగ్గులా వస్తోంది.

రెఫరీ బంతిని మధ్యలో జారవిడిచి ఆట మళ్ళీ మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో ఆ పొడుగు కుర్రాడే గోలు కొట్టాడు. మనం ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో ఏడుపు మొహాలు ఉంటాయనుకున్నాను. కవ్వళ్ళప్ప ఓడిన మన కుర్రాళ్ళని బస్సు ఎక్కించి, ఒక్కొక్కడి చేతిలో వేయించిన జీడిపప్పు పెడుతూ, "సముద్రానికెల్లినోడు రోజూ సేపల్తోనే వత్తాడేట్రా? ఒట్టి వలతోనూ వత్తాడు. మరి రేపు ఎల్డం మానేత్తాడేటి?" అంది. ఆ మాటకి ఒకడు పాట ఎత్తుకున్నాడు. చివరి ఊరు వచ్చేదాకా బస్సు టాపు ఎగిరిపోయేలా పాడుతూనే ఉన్నారు. ఆ గోలలో నేను సగం మందికి టికెట్టు కొట్టడం మరిచిపోయి, ఆఖరి స్టాపులో దిగి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకున్నాను. ఒక్కరూ తప్పించుకోలేదు, వెళ్ళినవాళ్ళు కూడా ఇసకలో వెనక్కి నడిచి వచ్చారు. ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టులో ఒకే వాక్యం ఉందని తర్వాత తెలిసింది, 'ప్రయాణికులందరూ నిజమైన ప్రేక్షకులే' అని. ఇంటికెళ్తే అమ్మ మాత్రం గుమ్మంలోనే, "మనూరి మీదే ఊదీసినావేటే!" అని రెండు రోజులు మాట్లాడలేదు.

మరుసటి ఏడాది పోటీలు జరగలేదు, హాఫ్ టికెట్లూ లేవు. నాకు ఉద్యోగం పర్మనెంటు అయింది, తర్వాత మోకాళ్ళు అరిగి డిపోలో కుర్చీ పని వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలు మొదటి డ్యూటీకి వెళ్తూ నా ముందు సంతకం పెడతారు. భయం కనపడకుండా కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి నిలబడతారు. నాకు నవ్వొస్తుంది. "ఏటి మేడమ్, నవ్వుతున్నారు?" అని అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక, "ఏటీ లేదులేమ్మా, ఎల్లిరా" అంటాను. ఈ పెద్దావిడకి ఊరికే నవ్వే జబ్బేదో ఉందనుకుంటూ వాళ్ళు బస్సెక్కుతారు.