రుద్దుకోని మనిషి

అమెరికాలో డులూత్ ఊరి సరస్సు రేవు పక్కన మా కాఫీ హోటల్లో రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చునే ఆర్విల్ వేళ్ళు అచ్చం అల్లం కొమ్ముల్లా ఉంటాయి. ఒకప్పుడు చిన్న లీగుల్లో, బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, పదకొండేళ్ళు బేస్‌బాల్ ఆడాడు. నొప్పుల మందు వాసన ఎక్కడ తగిలినా ఆ పాత బస్సు గుర్తొస్తుందంటాడు. బంతి ఒంటికి తగిలితే ఆ చోటు రుద్దుకోకూడదని ఆ ఆటగాళ్ళ పట్టింపు. రుద్దుకుంటే విసిరినవాడు గెలిచినట్టే. ఆట మానేసి నలభై ఏళ్ళయినా ఆయన దోమకాటు కూడా రుద్దుకోడు.

ఎదుటి కుర్చీలో ఐస్ హాకీకి ముందుపళ్ళన్నీ ధారపోసిన ఆయన స్నేహితుడు హాపలా. "మీవాళ్ళకి గోరు చిట్లితే పదిహేను రోజులు సెలవు! మేం దవడకి కుట్లేయించుకుని ఆ పూటే ఆడేవాళ్ళం, తెలుసా?" అన్నాడు మొన్న. "మీకు తగిలాకే తెలుస్తుందిరా. మాకు బంతి వస్తూ కనిపిస్తుంది. మర్నాడు మళ్ళీ అక్కడే నిలబడాలి," అన్నాడు ఆర్విల్. ఆ మాటకి హాపలా రెచ్చిపోయి లేవడంతో బల్ల ఇనప అంచు ఆర్విల్ మోకాలిచిప్పకి ఠంగుమని తగిలింది. హోటలంతా తిరిగి చూసింది. మోకాలి మీదికి దిగబోయిన ఆర్విల్ చెయ్యి దారి మార్చి కాఫీలో అయిదు చెంచాల పంచదార వేసింది. కళ్ళల్లో నీళ్ళు. "రుద్దుకో పెద్దాయనా, ఎవరమూ చూడంలే!" అంది కాఫీ పోసే లొరెట్టా. "ఏమైందనీ?" అన్నాడు ఆర్విల్.

హాపలా గొణుక్కుంటూ బల్ల కిందికి దూరి మోకాలు పట్టుకున్నాడు. "నువ్వు రుద్దుకోకూడదు సరే. నేను రుద్దకూడదని లేదుగా?"

ఆర్విల్ కిటికీలోంచి సరస్సుకేసి చూస్తూ, "కాస్త ఎడమకి," అన్నాడు.