ర్యామ్ చెడిందన్న మనిషి

ఈ ఉదయం జల్‌పల్లిలో మా ఇంట్లో కూర్చుని ఒక ప్రోగ్రాం బిల్డ్ చేస్తుంటే మూడుసార్లు మూడు చోట్ల ఆగిపోయింది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. నాలుగోసారి ఏ గొడవా లేకుండా పూర్తయింది. ఎవరూ చూడకపోయినా నాకు సిగ్గేసింది. ఉప్పుగూడ అన్న గుర్తొచ్చాడు.

బహదూర్‌పురాలో పరుపుల దుకాణం మీద ఉండేది మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కింద దూది దులిపితే పైన మేం తుమ్మేవాళ్లం. అందరం రాసిన కోడ్‌ను కలిపి ప్రోగ్రాంగా తయారుచేసే పని, అంటే బిల్డ్, మూలనున్న ఒకే కంప్యూటర్‌లో జరిగేది. ఉప్పుగూడ నుంచి వచ్చే అన్న నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఫ్యాక్టరీ ఉద్యోగం పోయాక, నలభై దాటి కోడింగ్ నేర్చుకున్నవాడు. నేను ఆయన మీద టీం లీడర్‌ని. ఆ హోదా కొత్త కావడంతో కొత్త చెప్పుల్లా కిర్రుమంటూ తిరిగేవాణ్ని. అన్న చేరిన నెలకే బిల్డ్‌లు ఫెయిలవడం మొదలైంది. ఫెయిలైనప్పుడు, ఆఖరున కోడ్ చేర్చినవాళ్లు లేచి నిలబడాలని నేనొక నియమం పెట్టాను. ఎక్కువగా అన్నే నిలబడేవాడు, ఎందుకంటే ఆయన కోడ్‌ను ఆఖరున చేర్పించేది నేనే.

ఒకరోజు అలా నిలబడే అన్నాడు: “తమ్మీ, ఒక్కటే కోడ్, ఒకపారి అయితది, ఒకపారి ఆగుతది. ఆగినప్పుడల్లా జాగ మారుతున్నది. ర్యామ్ చెడినట్టుంది. ఒక్కరోజు మెషీన్ ఇయ్యి, పరీక్ష పెట్టి చూపిస్త.”

“పని రాకపోతే మెషీన్ మీద పెడుతున్నవా అన్నా? ముందుగాల నీ బుర్రకు పెట్టు పరీక్ష,” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు. ఆ నవ్వుల రుచి మరిగి వారమంతా అదే మాట అన్నాను. చివరికి నా మాట మీదే యజమాని ఆయన్ను తీసేశాడు. టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె సంచిలో వేసుకుని, “వస్త తమ్మీ,” అని మెట్లు దిగాడు.

ఆయన పోయినా బిల్డ్‌లు ఫెయిలవుతూనే ఉన్నాయి. ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు ర్యామ్‌కు, అంటే ఆ కంప్యూటర్ మెమరీకి, పరీక్ష పెట్టాను. గంటలోపే తెర నిండా ఎర్ర గీతలు. చెడినది తీసి కొత్తది పెట్టాక మళ్లీ ఒక్క బిల్డూ ఆగలేదు. యజమాని అడిగితే, అన్న కోడంతా తిరగరాశానని చెప్పాను. మెచ్చుకున్నాడు.

కొన్ని నెలలకు ఉప్పుగూడ స్టేషన్‌లో అన్న ఎదురయ్యాడు, వాచ్‌మన్ బట్టల్లో. ముఖంలో కోపం లేదు.

“బిల్డ్ ఇప్పుడు మంచిగైతున్నదా తమ్మీ? తప్పేంది, దొరికిందా?”

“నీ కోడే అన్నా. సరిజేసినం.”

“గట్లనా? మా ఇంట్లామెకు మెషీన్‌దే తప్పని చెప్పిన. ఇయ్యాల పోయి నిజం చెప్త.”

రైలొచ్చింది, నేను ఎక్కేశాను. నిజం చెప్పడానికి అప్పుడు అర నిమిషం చాలేది. ఆ తర్వాత పదకొండేళ్లు నా చేతిలో ఉన్నాయి. ఒక్కరోజూ ఉప్పుగూడ వైపు వెళ్లలేదు.