ఖాళీ తొట్టిలో చిటికెలు

కిరండూల్‌లో బండి దిగినప్పుడల్లా నేను అప్పలకొండ ఇంట్లోనే ఉంటాను. ఎన్నాళ్లుంటానో చెప్పను, వాళ్లూ అడగరు. కంపెనీ క్వార్టరు. ముందు గదిలో కిటికీ పక్కన నా చాప, కిటికీ నిండా బైలదిల్లా కొండ. సున్నం వేసిన గోడ ఇనప గని దుమ్ముకు ఆర్నెల్లకే ఎర్రబడే ఊరిది. నా తెల్లపంచె ఇక్కడ మూడో ఉతుక్కి ఇటిక రంగుకు తిరుగుతుంది.

ఈసారి నా చాప వేసే చోట నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. నిండా నీళ్లు, అడుగున ఇసక, మధ్యలో రెండు నాచు రాళ్లు. కంటికి కనపడే ప్రాణి ఒక్కటీ లేదు.

"ఉప్పు నీళ్లు మేష్టారూ. మన భీమిలి సముద్రమే" అన్నాడు అప్పలకొండ.

అతను గని వర్క్‌షాపులో డంపర్ల మెకానిక్కు. ముప్పై ఏళ్ల సర్వీసు. పుట్టింది భీమిలి పక్కన పల్లెలో, వలలు అల్లుకునే ఇంట్లో. భార్య పైడమ్మదీ ఆ పల్లే. విశాఖపట్నం నుంచి సొరంగాలు దాటుకుంటూ వచ్చే పాసింజరులో, మూడు దఫాలుగా, పది నీలం క్యాన్లలో ఆ నీళ్లు మోసుకొచ్చాడట. నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత మరోటి గుర్తొచ్చింది. ఈ బస్తర్ ఒకప్పుడు ఉప్పు కోసం నడిచిన నేల. సంతలో చిరోంజీ, అంటే సారపప్పు, పోసి, దాని ఎత్తు ఉప్పు మూట కట్టుకుని అడవిలోకి నడిచిపోయిన ముసలివాళ్లను నా కుర్రతనంలో నేను చూశాను. ఆ నేల మీదికే ఇతను ఉప్పును నీళ్లతో సహా తెచ్చాడు. ఆ ముసలివాళ్లు చూస్తే ఏమనుకునేవారో.

సరే, ఇంతకూ ఎందుకు తెచ్చినట్టు? ఎదురు క్వార్టరులో చిన్నారావు ఉన్నాడు గనక.

చిన్నారావు గనిలోనే ఎలక్ట్రీషియను. సాలూరు మనిషి. సముద్రమంటే అతనికి సెలవుల్లో చూసొచ్చే వింత. అలాంటివాడి ఇంట్లో ఏడాదిగా ఉప్పునీళ్ల తొట్టి వెలుగుతోంది. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీల జోకరు చేపలు రెండు. పైడమ్మ రోజూ దీపం పెట్టే వేళకు వంట ముగించి, కొప్పు సవరించుకుని ఎదురింటికి వెళ్తుంది. చిన్నారావు భార్య రాజ్యశ్రీ కుర్చీ వేస్తుంది. గంటసేపు మాటా పలుకూ లేకుండా ఆ నీళ్లకేసి చూసి తిరిగొస్తుంది.

"నా మొకం చూస్తా గంట కూకుందా ఎప్పుడైనా?" అన్నాడు అప్పలకొండ. "ఆ గంట మనింట్లో కూకోవాలి మేష్టారూ. నాకింకేటొద్దు."

ఈర్ష్య గురించి పుస్తకాల్లో చాలా చదివాను. సింహాసనాలు చూసి ఈర్ష్యపడ్డవాళ్లు, పరుల గుర్రాలు చూసి కుళ్లినవాళ్లు, ఒక దేశంలో పక్కవాడి పూలమొక్క చూసి నిద్ర మానేసినవాళ్లు. రెండంగుళాల చేపల మీద ఇంత ఈర్ష్య ఇక్కడే చూశాను. జోకరు చేప ఊసెత్తితే అతని మెడ నరం లేచేది.

కొత్త నీటిలో నెలన్నర పాటు ఏ జీవాన్నీ వెయ్యకూడదట. కంటికి కనపడని క్రిములు ముందు కాపురం పెట్టాలి. ఆ నెలన్నరా పరీక్షే. వర్క్‌షాపులో పనిచేసే మంగ్లూ గుమ్మంలో నిలబడి, "పానీ పాలా హై క్యా భాయీ" అని, నీళ్లను పెంచుతున్నావా అని అడిగి పోయాడు.

ఆ ఖాళీ తొట్టి ముందు కూర్చుని మేమిద్దరం రోజూ ఏదో ఒక జీవిని ఎంచేవాళ్లం. అతని షరతు ఒకటే, చిన్నారావు పేరు కూడా వినని జీవి కావాలి. కోపమొస్తే బంతిలా ఉబ్బే చేప అనుకున్నాం. దాన్ని చిన్నారావు ఫోనులో చూశాడని తెలిసి మానేశాడు. విషపు ముళ్లను విసనకర్రలా విప్పుకునే చేప అన్నాను. అదీ చేపే కదా అన్నాడు. సముద్రపు గుర్రం మీద మనసు పడ్డాడు గానీ, దాన్ని పట్టడం నేరమని నేనే ఆపాను. చివరికి ఆక్టోపస్ దగ్గర ఆగాం. మూడు గుండెలు, నీలి రక్తం, సీసా మూత విప్పే తెలివి. నేను చదివినవన్నీ చెప్పాను. "ఇదే. జగదల్‌పూర్ దాకా ఎవడికీ లేదు" అని వెంటనే భీమిలిలో ఉన్న బావమరిది నాగరాజుకు ఫోను చేశాడు. నెలన్నర నిండే ఆదివారం బండికి పంపిస్తానన్నాడు నాగరాజు.

గురువారం మధ్యాహ్నం తొట్టిలో టక్ మంది. కాసేపాగి మళ్లీ టక్.

గాజు బీటలు వారుతోందనుకున్నాడు అప్పలకొండ. వర్క్‌షాపులో ఇంజను లోపల బేరింగు అరిగిందా లేదా అని చూడ్డానికి ఒక పద్ధతుంది. పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడికి చెవి పెడతారు. అతను అదే చేశాడు. శుక్రవారమంతా గాజు చుట్టూ స్క్రూడ్రైవరుతో తిరిగి, ఎడమ మూల అతుకు విడుస్తోందని తేల్చాడు. విడవడం వెనక చిన్నారావు దిష్టి ఉందన్నాడు. నిమ్మకాయ కట్టాడు.

శనివారం పైడమ్మ వంటింట్లోంచి చెక్క తెడ్డు తెచ్చింది. కాడను నీళ్లలో ముంచి, వెడల్పు చివరకు చెవి ఆనించి కళ్లు మూసుకుంది. పడవలో వాళ్ల నాన్న అలాగే చేసేవాడట. తెడ్డు నీళ్లలో నిలబెట్టి, కింద రాళ్లున్నాయో ఇసకుందో, వల వెయ్యొచ్చో లేదో చెవితో చెప్పేవాడట.

"గాజు కాదు, గీజు కాదు. చిటికెలేసే రొయ్య. నువ్వు తెచ్చిన రాయిలో దూరి వచ్చీసినాది. మా అయ్య పడవ కింద ఇలాగే టకటకమనేది మావా."

ఆమె తొట్టి ముందు నుంచి లేవలేదు. దీపం వేళ దాటింది. ఎదురింటి నుంచి రాజ్యశ్రీ, వదినేదని కేక వేసింది. పైడమ్మ వినలేదు.

నాకు రేపటి బండి గుర్తొచ్చింది. ఆక్టోపస్‌కు రొయ్యలంటే ప్రాణం. రేపు అది దిగితే, రాయిలో చెయ్యి పెట్టి దీన్ని లాక్కు తింటుంది. ఆ మాట అప్పలకొండను వరండాలోకి పిలిచి చెప్పాను. అతను చిన్నారావు ఇంటికేసి చూశాడు. వాడికి లేనిది, ఊరంతా వచ్చి చూసేది, రేపు బండెక్కబోతోంది. తలుపులోంచి లోపల తెడ్డుకు చెవి పెట్టిన పైడమ్మను చూశాడు. తర్వాత ఫోను తీసి, "పంపకురా నాగరాజూ" అని మాత్రం అన్నాడు.

ఆక్టోపస్ వస్తోందన్న మాట ఎక్కడో విని, ఆదివారం చూద్దామని చిన్నారావు వచ్చాడు. తొట్టి చుట్టూ తిరిగాడు.

"ఇంకా ఉత్త నీళ్లేనేటి బావా?"

"ఉత్త నీళ్లేరా."

"సముద్రపోళ్లకే సముద్రం పెంచడం రాపోతే ఎలాగ? పోన్లే, నా చేపలు పిల్లలెడితే ఓ జత ఇస్తాన్లే."

అప్పలకొండ మెడ నరం లేచింది. అప్పుడే రాతిలోంచి టక్ మంది.

"ఏటా సప్పుడు?"

"గాజురా. అతుకు ఇడుస్తున్నాది. నువ్వు దూరంగా ఉండు, పగిల్తే కాళ్ల మీద పడతాది."

చిన్నారావు రెండడుగులు వెనక్కి వేసి, జాలిపడి, వెళ్లిపోయాడు. వంటింటి గుమ్మంలో పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీపం పెట్టాక ఆమె తెడ్డుతో వచ్చి కూర్చుంది. గంట గడిచింది. "ఓపాలి నాకియ్యవే" అన్నాడు అప్పలకొండ. చెయ్యి ఊపి ఊరుకోమంది. అతను ఆ రాయికేసి ఇన్నాళ్లూ జోకరు చేపలకేసి చూసిన చూపే చూశాడు. నేనూ వరసలో ఉన్నట్టు దగ్గాను. తెడ్డు మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ ఇవ్వలేదు.