పక్క మీద రెండో బెల్టు

నడుముకు కట్టే బెల్టు విప్పుతుంటే దాని వెల్‌క్రో అతుకుపట్టీ చర్రున గుడ్డ చింపినట్టు చప్పుడవుతుంది. ఇవాళ పొద్దున మా ప్రయోగశాలలో ఆ చప్పుడు వినగానే సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు. పార్కిన్సన్స్ జబ్బున్నవాళ్ల పగటి వణుకు అందరికీ కనిపిస్తుంది. రాత్రి పక్క మీద ఒత్తిగిలలేక పడే అవస్థ ఎవరికీ కనిపించదు. నిద్రలో మనిషి ఎటు తిరిగాడో, ఎంత వేగంగా తిరిగాడో పట్టుకునే అగ్గిపెట్టెంత సెన్సార్‌ను బెల్టులో అమర్చడం నాకు నేర్పింది ఆవిడే. తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయంలో ఆవిడ దగ్గర నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతోంది. మేడమ్‌ది కోస్తా. నాది లాలాగూడ రైల్వే క్వార్టర్స్. ఆవిడ ఏ దేవుడికి మొక్కేవారో నాకెప్పుడూ తెలియలేదు. నేను మాత్రం బైబిలు వాక్యం చదవకుండా గడప దాటేదాన్ని కాదు.

మా చర్చి సంఘంలో యోహాను అంకుల్ అని, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఆయన ఉండేవారు. ఇదే జబ్బు ముదిరి రాత్రిళ్లు కొయ్యలా బిగుసుకుపోతున్నారని సంఘమంతా ఆయన కోసం ఉపవాస ప్రార్థన చేసింది. అది ముగిసిన వారమే నేను ఆయనకు బెల్టు కట్టాను. మర్నాడు సెన్సార్ గీసిన గ్రాఫ్ చూసి నా ఒళ్లు పులకరించింది. రాత్రంతా అటూ ఇటూ చక్కగా తిరిగారు! ఆదివారం పాస్టరుగారు ఆ మాట ప్రకటిస్తే అందరం కన్నీళ్లతో స్తుతించాం. డాక్టరుగారు కూడా గ్రాఫ్ చూసి, ఇంత బాగా తిరుగుతుంటే రాత్రికి వేరే మందెందుకు, వచ్చేసారి చూసి తేల్చుదాం అన్నారు.

మేడమ్ మాత్రం ఆ గీతను వదల్లేదు. దాన్ని నా ముందు పెట్టిన రోజు బంద్. రోడ్డు మీద నినాదాలు గదిలోకి వినబడుతున్నాయి.

"ఇటు చూడమ్మా. ఈ జబ్బున్నవాళ్లు తిరగాలంటే ముందు కాస్త కదులుతారు, సగంలో ఆగుతారు, మళ్లీ ప్రయత్నిస్తారు. ఈయనేంటి, రాయిలా పడి ఉండి ఒక్కసారిగా దొర్లాడు?"

"దేవుడు స్వస్థపరిచాడు మేడమ్."

"పరిచి ఉండొచ్చు. ఎలా పరిచాడో చూద్దాం."

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే చూడాలనుకున్నారు. నేల మీద చాప, దాని మీద దుప్పటి పరిపించి, బెల్టు కట్టుకుని బిగుసుకుని పడుకున్నారు. అప్పుడే గదులు మూయించడానికి వచ్చిన విద్యార్థి నాయకుడు శ్రీశైలం గుమ్మంలో ఆగిపోయాడు.

"మేడమ్, బంద్ అంటే గిట్ల పండుకునుడు గాదు!"

"పని ఆపమన్నారుగా, ఆపాను. నువ్వూ రా. ఆంధ్రావాళ్లను లాగిపారేస్తామని పొద్దుట్నించీ అరుస్తున్నారు, ఈ దుప్పటి పట్టుకుని లాగు."

"గట్ల అనలే మేడమ్. పొమ్మన్నం, గంతే."

"ముందు లాగు. తర్వాత పోతాను."

నవ్వాపుకోలేక వాడు దుప్పటి అంచు పట్టి గుంజాడు. మేడమ్ దొర్లారు. తెర మీద వచ్చిన గీత అచ్చం యోహాను అంకుల్ గీతలాగే ఉంది. సంఘమంతా చేసిన స్తుతి నా కళ్లముందు మెదిలింది.

బంద్ ముగిశాక ఇద్దరం లాలాగూడ వెళ్లాం. అంకుల్ భార్య మార్తమ్మ ఆంటీ టీ పెట్టి ఇచ్చింది. కుడిభుజం పట్టేసి, ఆ చేత్తో కప్పు అందించలేక ఎడమచేత్తో ఇచ్చింది.

"రాత్రి ఆయన్ని మీరు తిప్పుతారా అమ్మా?" అని అడిగారు మేడమ్.

ఆంటీ నావైపు చూసింది. "మూలిగితే దుప్పటి గుంజుత మేడమ్. గదేం పెద్ద పని?"

"మరి చెప్పలేదేం ఆంటీ?" అన్నాను.

"సంఘమంత దేవుడు తిప్పిండని స్తోత్రం చేసినంక, కాదు నేను తిప్పిన అని లేచి నిలవడాల్నా బిడ్డా? ఎంత గర్వమనుకుంటరు!"

మంచం మీదినుంచి అంకుల్ సన్నని గొంతుతో అన్నారు: "పెండ్లైనప్పటి సంది ఈమె తిప్పినట్టే తిరుగుతున్న. గిప్పుడు కొత్తనా?"

మేడమ్ పగలబడి నవ్వారు. వెంటనే సంచిలోంచి ఇంకో బెల్టు తీసి ఆంటీ నడుముకు కట్టారు. ఆ వారం గ్రాఫ్‌లో రెండు గీతలు వచ్చాయి. ప్రతిసారీ ముందు ఆమె గీత లేచేది, తర్వాత ఆయనది. డాక్టరుగారు దాన్ని చాలాసేపు చూసి రాత్రి మందు రాశారు. కొన్నాళ్లకు అంకుల్ గీత వంకరటింకరగా, ఆగి ఆగి, తనంతట తాను నడవడం మొదలుపెట్టింది.

ఆంటీకి బెల్టు కట్టిన రోజు తిరిగి వస్తుంటే దారిలో మేడమ్‌ను అడిగాను, మా స్తుతి వృథాయేనా అని.

"అది నాకు తెలియదమ్మా. ఆయన కదిలింది నిజం. ఎవరి చేత్తో అని మీరు అడగలేదు, నేనడిగాను, అంతే తేడా."

ఆ మాట నా విశ్వాసాన్ని తగ్గించలేదు, దానికి కళ్లిచ్చింది. సంఘంలో రోగి కోసం మోకరిస్తే, ఆ పక్క మీద రెండోవైపు నిద్రపోయే మనిషి పేరు నా నోట ముందు వస్తుంది. ప్రయోగశాలలోనూ అంతే. రోగికి బెల్టు కట్టాక, రాత్రి పక్కన ఎవరుంటారని అడుగుతాను. ఆ మనిషి ఎక్కడో తలుపు దగ్గర సంచులు పట్టుకుని నిలబడి ఉంటారు. "నాకేం జబ్బు లేదు కదమ్మా!" అంటారు కంగారుగా. లోపలికి రమ్మని కుర్చీ వేస్తాను.